రెండోసారి అడుగుతారని

తూరాన్ పిన్ని పెళ్ళి చేసుకోలేదు. ఇస్ఫహాన్‌లో నది ఒడ్డున ఉన్న మా ఇంట్లోనే, అమ్మమ్మతోనూ మాతోనూ ఉండేది. విప్లవానికి ముందు, ఊరి నిండా అమెరికన్లు ఉన్న రోజుల్లో, వాళ్ళ హెలికాప్టర్ల కంపెనీలో అనువాదకురాలిగా చేరింది. మరమ్మతు పుస్తకాలను మా మెకానిక్కుల కోసం ఫార్సీలోకి మార్చడం ఆమె పని. బోల్టు బిగించే తీరును కూడా చదవ ముచ్చటగా రాయాలని తాపత్రయపడేది. ఫార్సీ అంతంతమాత్రంగా వచ్చిన ఆ విభాగం పెద్ద ఆ వాక్యాలను కొట్టేసి గజిబిజి చేసేవాడు.

"ఆ కుర్చీ నాదైతే నా వాక్యం మీద ఇంకొకళ్ళ కలం పడదు," అని ఇంట్లో అనేది. బయట మాత్రం ఎవరి దగ్గరా నోరు విప్పేది కాదు, ఒక్క షాహీన్ దగ్గర తప్ప.

షాహీన్‌ది పక్క బల్ల. బడి రోజుల నుంచీ స్నేహం. మధ్యాహ్నం ఒకరి గిన్నెలోది ఒకరు తినేవారు.

"ఏమే, ఆ స్క్రూ మీద కూడా కవిత్వం అల్లుతున్నావా? ఆ మెకానిక్కు కళ్ళనీళ్ళు పెట్టుకుని రెంచీ జారవిడుస్తాడు," అనేది షాహీన్.

"రెంచీ జారితే నయమే. నీ అనువాదం చదివితే హెలికాప్టరే జారుతుంది," అనేది పిన్ని.

ఆ వేసవిలో పాత పెద్ద తన దేశం వెళ్ళిపోయాడు. మేనేజరు హోల్కమ్ పిన్నిని గదికి పిలిచాడు.

"తూరాన్ గారూ, విభాగం మీ చేతిలో పెడదామనుకుంటున్నాను. ఏమంటారు?"

పిన్నికి వెంటనే ఊ అనాలనే ఉంది. పైకి మాత్రం పెంపకం నేర్పిన మాటే వచ్చింది. "నేనెంతదాన్నండీ? నాకంటే తగినవాళ్ళున్నారు. షాహీన్ లేదూ?"

"సరే, మీ ఇష్టం," అన్నాడు.

ఇంటికి వచ్చి ఆ సంగతి చెబుతూ పిన్ని పళ్ళెంలో అన్నం కెలుకుతూనే ఉంది. అమ్మమ్మ మెచ్చుకుంది. "బాగా చెప్పావు. మొదటిసారే ఊ అంటే కుర్చీ కోసం కాచుక్కూర్చున్నావనుకుంటారు. మళ్ళీ అడుగుతాడు. అప్పుడూ కాస్త బెట్టు చెయ్యి. మూడోసారి తలవంచు."

ఆయన మళ్ళీ అడగలేదు. ఆ వారం మధ్యలో షాహీన్‌ని విభాగానికి పెద్దగా వేసినట్టు గోడ మీద కాగితం అంటించారు. పిన్నే వెళ్ళి గజ్ మిఠాయి డబ్బా తెచ్చి అందరికీ పంచింది. షాహీన్ ఆమెను కౌగిలించుకుని, "నాకేం తెలీదే, ఉన్నట్టుండి పిలిచి కూర్చోబెట్టారు," అంది. "ఈ అమెరికన్లంతే. అతిథి వద్దంటే టీ గ్లాసు లోపలికి తీసుకుపోయే రకం."

పిన్ని నెలల తరబడి హోల్కమ్‌ని తిట్టుకుంది. మంచీ మర్యాదా తెలియని మొరటువాడంది. షాహీన్ మీద మాత్రం మాట పడనిచ్చేది కాదు. "దాని తప్పేముంది? అదైనా కూర్చుంది, నయం," అనేది. షాహీన్ కొట్టివేతలు పాత పెద్ద చేసినవాటికంటే ఎక్కువే. వాటినీ ఓర్చుకుంది.

చలికాలంలో హోల్కమ్‌కి బదిలీ అయింది. వీడ్కోలు టీ దగ్గర ఆయన పిన్ని పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"మీరు ఒప్పుకోనందుకు నాకు బాధగానే ఉండిందండీ. అమ్మగారికి ఇప్పుడెలా ఉంది?"

"మా అమ్మకేం? బాగానే ఉంది," అంది పిన్ని.

ఆయన తడబడ్డాడు. "ఇక్కడివాళ్ళు మొదటిసారి వద్దంటే అది వద్దని కాదని మాకు ముందే చెప్పారు. అందుకే షాహీన్ గారిని అడిగాను, అది మర్యాదకన్నదా, నిజమా అని. నిజమేనన్నారు. ఇంట్లో అమ్మగారు మంచాన పడ్డారు, మళ్ళీ అడిగి ఇబ్బంది పెట్టొద్దన్నారు."

షాహీన్ సమోవార్ దగ్గర టీ వంపుతోంది. మాట వినబడినట్టుంది, గ్లాసు నిండి పళ్ళెంలోకి పొర్లినా చూసుకోలేదు.

పిన్ని ఆమెను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. "మా అమ్మను మంచాన పడేశావా?"

"నీ నోటితో నువ్వే వద్దన్నావు. నా పేరూ నువ్వే చెప్పావు."

"చెప్పాను. ఎందుకు చెప్పానో ఆయనకు తెలీదు. నీకు తెలీదా?"

షాహీన్ చేతి గాజు తిప్పుకుంది. "తెలుసు. ఆయన నన్నూ ఒక్కసారే అడిగాడే. నాకూ కావాలనిపించింది. ఊ అన్నాను."

"అదే ముక్క నాతో అనుంటే నేనే ఇచ్చేదాన్ని."

"ఇచ్చేదానివేలే. జన్మంతా నీ దయ తింటూ కూర్చోవాల్సొచ్చేది."

మర్నాడు పొద్దున షాహీన్ గదిలోకి రాగానే పిన్ని లేచి నిలబడింది. "రండి ఖానం. మీ అడుగు నా కళ్ళ మీద." స్నేహితురాలిని ఖానం, అంటే అమ్మగారూ, అని పిలవడం వేళాకోళమనుకుని గదిలో మిగతావాళ్ళు నవ్వారు. షాహీన్ నవ్వలేదు. ఆ రోజు మొదలు మా భాషలో ఉన్న మర్యాదలన్నీ ఆమె మీద కురిశాయి. షాహీన్ ఏ వాక్యం కొట్టేసినా పిన్ని, "మీ చెయ్యి నొప్పి పుట్టకూడదు, ఎంత శ్రమ తీసుకున్నారు," అని కాగితం రెండు చేతులతో అందుకునేది. మధ్యాహ్నం గోడవైపు తిరిగి ఒంటరిగా తినేది.

కొన్నాళ్ళకు షాహీన్ వంకాయ కూర, అన్నం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టింది. "తినవే. నీకిష్టమని చేశాను."

"మీ దయ. ఇప్పుడే తిన్నానండీ."

"అబద్ధం. నీ గిన్నె మూతైనా తియ్యలేదు." షాహీన్ కూర గిన్నెను ఆమె ముందుకు తోసింది. "నన్ను తిట్టవే తూరాన్. అందరి ముందూ తిట్టు. పడతాను. ఆ 'మీరు' మాత్రం వద్దు."

"అయ్యో, ఎంత మాట ఖానం," అంది పిన్ని లేచి నిలబడి. "మిమ్మల్ని తిట్టడానికి నేనెవర్ని?"

షాహీన్ బయటికి వెళ్ళేదాకా అలాగే నిలబడి ఉంది.