ఎల్.వి. సంతకం

వెండెల్ టర్పెనింగ్ దగ్గర రెండువేల ఎనిమిదివందల పైచిలుకు పాత పత్రికలూ చవక పుస్తకాలూ ఉండేవి. వాటిలో ఒక్క కథ కూడా అతను చివరిదాకా చదివిన పాపాన పోలేదు. అతనికి కావలసింది అట్ట మీది బొమ్మ. లోపలి కాగితం ముట్టుకుంటే పొడిపొడిగా రాలేది. అట్ట మాత్రం నిన్న అచ్చయినట్టుండేది, ఎర్రటి ఎరుపూ పసుపుపచ్చటి పసుపూ. పన్నెండేళ్ళ వయసులో, వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉన్న చలికాలంలో, మందుల దుకాణం ముందు వేలాడే ఆ బొమ్మలు తప్ప అతనికి ఊళ్ళో ఇంకే రంగూ కనపడలేదట. ఆ మోజు అక్కణ్ణుంచి పట్టుకున్నది, వదల్లేదు.

హడ్సన్ నది ఒడ్డున కింగ్‌స్టన్‌లో అతని వృత్తి పియానోలు శ్రుతి చేయడం. పని ముగించి పనిముట్లు సంచిలో పెట్టుకున్నాక, ఏ ఇంట్లోనైనా ఒకటే ప్రశ్న: "అటక మీద పాత పుస్తకాలేమైనా పడున్నాయాండీ?" ఉంటే ఆ సాయంత్రం ఒక అట్టపెట్టె ఇంటికి వచ్చేది. అతని భార్య ఇర్మా గుమ్మంలోనే అడ్డం నిలబడేది.

"ఇవాళ ఎవర్ని తెచ్చావు? గొంతు పిసికేవాళ్ళనా, కత్తితో పొడిచేవాళ్ళనా?"

"ఇద్దరూ ఉన్నారు."

"అయితే ఇద్దర్నీ నేలమాళిగలోకి తోలు. నా వంటింట్లోకి శవాలు రాకూడదు."

అన్ని అట్టల్లోకీ అతనికి ప్రాణమైనవి నలభై ఒకటి. 'చీకటి మెట్లు' అనే మాసపత్రికవి. మూల మీద ఎల్.వి. అని పొడి అక్షరాల సంతకం. ఆ ఎల్.వి. ఎవరో ఏ పాత పుస్తకాలవాడికీ తెలియదు. అన్నిటిలోనూ ఒకే స్త్రీ. ఒక నెల నర్సు, ఒక నెల టైపిస్టు, ఒక నెల ఏదో లేని దేశపు రాణి. జుట్టు రంగు మారుతుంది గాని ముఖం మారదు: కుడి కనుబొమ కాస్త ఎత్తు, ఎడమచేతి చిటికెనవేలు లోపలికి వంకర. మిగతా పత్రికల్లో ఆడవాళ్ళు బొమ్మలో ఉన్న రాక్షసుణ్ణి చూసి కేకపెడతారు. ఈమె అలా కాదు. పక్కనే గొడ్డలివాడు నిలబడినా వాడివైపు చూడదు. బొమ్మలోంచి బయటికి, చూసేవాళ్ళ ఎడమ భుజం వెనక్కి భయంగా చూస్తుంది.

వాటిని వరసగా నేలమాళిగ గోడకు తగిలించిన వారం, ఇర్మా ఉతికిన బట్టలకోసం దిగి వెంటనే పైకి వచ్చేసింది.

"అది నన్ను చూడటం లేదు వెండెల్. నా వెనకాల ఎవర్నో చూస్తోంది. నేను రెండుసార్లు తిరిగి చూశాను."

అతను నవ్వాడు. తనూ చాలాసార్లు తిరిగి చూశానని మాత్రం చెప్పలేదు.

1971 నవంబరులో ఒక ఫోను వచ్చింది. ఈసోపస్ వాగు అవతల కొండమీద ఒంటరిగా ఉండే మిస్ అడలీన్ వ్రూమన్. పియానోలోంచి ఏదో చప్పుడు వస్తోంది, వచ్చి చూడమంది. గురువారం మధ్యాహ్నం వెళ్ళాడు. తలుపు తీసిన మనిషికి అరవై అయిదు దాటి ఉంటాయి, తల ముగ్గుబుట్ట. తలుపు పట్టుకున్న ఎడమచేతి చిటికెనవేలు లోపలికి వంకర. తల ఎత్తి ముఖం చూశాడు. కుడి కనుబొమ కాస్త ఎత్తు. పరాయి ఇంటి గుమ్మంలో ఏమని అడుగుతాడు? సంచి పట్టుకుని లోపలికి వెళ్ళాడు.

పియానోకు ఏ రోగమూ లేదు. ఎన్నాళ్ళుగానో వాయించక తీగలు కాస్త దిగాయి, అంతే.

"ఏ మీట నొక్కితే వస్తోందండీ ఆ చప్పుడు?"

"ఏదీ నొక్కనప్పుడు" అందామె. గడియారం చూసింది. రెండు కావస్తోంది. "నాకు కాస్త పనుంది. మీ పని మీరు చూసుకోండి" అని పక్కగదిలోకి వెళ్ళింది.

అప్పుడు వినిపించింది. టక్, టక్. ఆగి, ఏదో మెత్తగా రాసుకున్న చప్పుడు. మళ్ళీ టక్, టక్. ముప్పై ఏళ్ళుగా చెవులమీద బతికినవాడు వెండెల్. అది తీగ కాదు, ఎలుక కాదు, కొయ్య విరుచుకోవడం కాదు. రేకు డబ్బా అంచుకు కుంచె పిడిని కొడుతున్న చప్పుడు. పక్కగదిలోంచే వస్తోంది.

లేచి వెళ్ళి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. కిటికీ పక్కన మూరెడెత్తు చెక్కదిమ్మె. దానిమీద ఆ ముసలామె నిలబడి ఉంది, చెయ్యి ముఖానికి అడ్డం ఎత్తి, నోరు బార్లా తెరిచి. గొంతులోంచి చిన్న శబ్దం కూడా లేదు. ఎదురుగా బొమ్మలు వేసుకునే చిత్రపు బల్ల, ఖాళీగా. దానికి కాస్త ఎడమగా ఖాళీ కుర్చీ. ఆమె కళ్ళు ఆ కుర్చీమీదే ఉన్నాయి. కుంచె చప్పుడూ ఆ కుర్చీ దగ్గర్నుంచే వస్తోంది.

వెండెల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. పారిపోదామనే అనుకున్నాడు. కాని ఎత్తిన ఆ చెయ్యి సన్నగా వణుకుతోంది. అది చూశాక కాలు కదల్లేదు.

"మిస్ వ్రూమన్, ఇక చాలు. దిగండి."

చెయ్యి వాలిపోయింది. ఆమె దిమ్మె అంచున కూలబడింది. చప్పుడు ఆగింది.

"మా అన్న లాంబర్ట్ ఒక్కనాడూ ఆ మాట అనలేదు" అంది ఆమె. "మీకూ వినిపించిందా? నిజం చెప్పండి."

"వినిపించింది."

ఆమె ఏడ్చింది. "ముప్పై మూడేళ్ళండీ. నాకే పిచ్చి అనుకున్నాను. పాస్టరుగారిని పిలిస్తే ప్రార్థన చేస్తారు గాని వినరు. చెవులున్న మనిషి కావాలనిపించింది. అందుకే పియానో వంక పెట్టాను."

వంటింట్లో కాఫీ తాగుతూ చెప్పింది. ఎల్.వి. అంటే ఆ లాంబర్ట్ వ్రూమనే. అట్టబొమ్మలు వేసేవాడు, ఆమెను నిలబెట్టేవాడు.

"కొట్టేవారా?"

"లేదు. కొడితే ముఖం పాడవుతుందిగా. కదలొద్దు అనేవాడు, అంతే. ఒక్కోసారి గదికి తాళం వేసి ఊళ్ళోకి వెళ్ళిపోయేవాడు. తిరిగొచ్చి నా ముఖం చూడగానే చెప్పేవాడు, 'నువ్వు కదిలావు' అని. ఎలా తెలిసేదో. ముప్పై ఎనిమిదో సంవత్సరంలో న్యుమోనియాతో పోయాడు. మర్నాడు రెండింటికి ఆ చప్పుడు మొదలైంది. నిలబడితే నాలుగింటికి ఆగుతుంది. నిలబడకపోతే తెల్లవార్లూ ఆగదు."

వెండెల్ కప్పు కింద పెట్టాడు. "ముప్పై ఎనిమిదిలో పోయారా? నా దగ్గర యాభై ఒకటో సంవత్సరం దాకా వచ్చినవి ఉన్నాయండీ, ఎల్.వి. సంతకంతో."

మొదటిసారి ఆమె నవ్వింది. "అవి నావి. అద్దం ముందు నిలబడి వేసుకున్నాను. తినాలిగా! న్యూయార్క్ వాళ్ళకి బొమ్మ రైల్లో వేళకి అందితే చాలు, ఎవరు వేస్తే వాళ్ళకేం?"

"మరి ఆ ముఖంలో భయం ఎలా వచ్చింది?"

"అద్దంలో నా వెనకాల ఆ కుర్చీ కనపడేట్టు పెట్టుకునేదాన్ని."

ఆ రాత్రి ఇర్మాకు అంతా చెప్పాడు. ఆమె వెక్కిరించలేదు. తర్వాతి గురువారం ఆపిల్ కేకు చుట్టుకుని, తనూ కారెక్కి కూర్చుంది. రెండింటికి వెండెల్ వెళ్ళి ఆ కుర్చీలో తనే కూర్చున్నాడు. మంట లేని గది, నవంబరు చలి. కుర్చీ వెచ్చగా ఉంది, ఎవరో అప్పుడే లేచినట్టు. అడలీన్ అలవాటుగా దిమ్మెవైపు నడిచింది.

"వద్దు. ఇవాళ నిలబడొద్దు" అన్నాడు.

టక్, టక్. ఈసారి సరిగ్గా అతని ఎడమ భుజం వెనక. అతను తిరగలేదు. పళ్ళు బిగబట్టి, చెమటతో తడిసిపోతూ కూర్చున్నాడు. ఇర్మా ఒక్క నిమిషం చూసింది.

"ఇంకా ఎన్నాళ్ళు ఈ కుర్చీని మేపుతావమ్మా? లే వెండెల్, అటు కాలు పట్టుకో!"

ముగ్గురూ కలిసి కుర్చీనీ చిత్రపు బల్లనూ దిమ్మెనూ పెరట్లోకి ఈడ్చి నిప్పుపెట్టారు. పాతకొయ్య, నూనెరంగులు తాగింది, భగ్గున అంటుకుంది. కాలుతున్నంతసేపూ అడలీన్ చేతులు కట్టుకుని నిలబడింది. మధ్యలో రెండుసార్లు అటూ ఇటూ నడిచింది, కదలొచ్చో లేదో చూసుకున్నట్టు.

మరుసటి వేసవి అంతా ఆ ఇంట్లో ఏ చప్పుడూ లేదు. అక్టోబరులో ఒక రోజు మళ్ళీ వచ్చింది, ఖాళీ గదిలోంచి. అడలీన్ లేవలేదు. ఇర్మాకు ఫోను చేసి, దోసకాయ ఊరగాయ ఎలా పెట్టాలో అడుగుతూ కూర్చుంది. నాలుగు గంటలు పట్టింది గాని దానంతటదే ఆగింది.

ఆ తర్వాత అయిదేళ్ళు బతికిందామె. చివరి చలికాలం మెట్లూ మంచూ పడక వెండెల్ ఇంట్లోనే ఉంది. ఒక మధ్యాహ్నం తన బొమ్మలు చూస్తానంది. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని నేలమాళిగలోకి దింపారు. నలభై ఒక్కటినీ ఒక్కొక్కటే చూసింది. "ఇది అతనిది. ఇది నాది. ఇదీ నాదే." అతనివైన పద్నాలుగింటిని గోడవైపు తిప్పమంది. మిగతా ఇరవై ఏడింటి వెనకా వెండెల్ పెన్సిలుతో అడలీన్ వ్రూమన్ అని రాస్తూ పోయాడు. పేరులో ఒక అక్షరం తప్పు పోయిందని రెండుసార్లు చెరిపించింది.

నర్సు బొమ్మ దగ్గర ఆగి ముఖం చిట్లించింది. "ఈ గౌను నీలం చెడిపోయింది. తొందరపడ్డాను."

"అంత భయంలో నీకు గౌను గోలేమిటమ్మా?" అంది ఇర్మా.

"భయం రోజూ ఉండేదేగా" అంది అడలీన్, అట్టను వెలుతురుకి వంచి చూస్తూ. "నీలం మాత్రం ప్రతిసారీ కొత్తగా కలుపుకోవాలి."