ఎక్కడ ఆపినా సరిపోయే పాటలు

కింద మా సొసైటీ హాల్లో ఎవరో మైకు సరిచూస్తున్నారు. అది కీచుమన్నప్పుడల్లా నా కుడిచెయ్యి దానంతటదే పైకి లేస్తోంది. ఇరవై ఏళ్ల అలవాటు. మయూర్ విహార్ తెలుగువాళ్ల సంఘంలో ఉగాది కార్యక్రమం నడిపేదాన్ని నేనే. నేను చెయ్యెత్తితే వేదిక మీదివాళ్లు ఆపెయ్యాలి. ఆ చేతికి అందరికంటే ఎక్కువసార్లు తలవంచినవారు పానకాలరావు మాస్టారు.

మాస్టారంటే బడిపంతులు కాదు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, ఒక్క మెట్టెక్కి రిటైరయ్యారు. మిగిలిన బతుకంతా హార్మోనియమే. ముప్ఫై ఎనిమిదేళ్లపాటు ఢిల్లీలో ఏ తెలుగింట బారసాల జరిగినా, ఎవరి పదవీ విరమణకైనా, కార్తీకంలో ఏ పార్కులో వనభోజనాలు పెట్టుకున్నా, ఆయన పాట కట్టి పాడేవారు. పాటలో ఆ ఇంటివాళ్ల పేర్లన్నీ వచ్చేవి. కట్టినాయన పేరు మాత్రం ఎవరికీ గుర్తుండేది కాదు. "ఆ పెట్టె వాయించే అంకుల్‌ని పిలవండి" అనేవాళ్లు.

నేను తెనాలిలో మా నాన్న స్టీలు సామాన్ల కొట్లో పెరిగినదాన్ని. గరిటె కొని చెంచా కొసరడిగేవాళ్ల మధ్య పెరిగితే నోరు ఊరుకోదు కదా. పెళ్లై ఇక్కడికొచ్చాక కూరలబండి భయ్యాలు నన్ను దూరం నుంచి చూసి బండి పక్క వీధిలోకి తిప్పుకునేవారు. ఈ ఖ్యాతి విని సంఘంవాళ్లు నాకు నిమిషాలు బేరమాడే పని అప్పగించారు. సంబరంగా తీసుకున్నాను.

ముఖ్య అతిథి ఏనాడూ వేళకు వచ్చేవాడు కాదు. ఆ ఖాళీ పూడ్చడానికి మాస్టారు. "కారింకా సాకేత్ దాటలేదట మాస్టారూ, మీరు కానివ్వండి" అనేదాన్ని. "ఎన్ని చరణాలమ్మాయ్?" అని నవ్వేవారు. "కారు వచ్చిందాకా!" కారు రాగానే నా చెయ్యి లేచేది. ఆయన పాడుతున్న చరణం ముగించి, నమస్కారం పెట్టి, పెట్టె మోసుకుంటూ దిగిపోయేవారు. పాట తెగిందని ఎవరికీ అనిపించేది కాదు. ఒకసారి రహస్యం అడిగాను.

"ఢిల్లీలో పాట కట్టడం వేరమ్మాయ్. ఎక్కడ ఆపినా పూర్తయినట్టే ఉండాలి. నీ చెయ్యి ఎప్పుడు లేస్తుందో నాకేం తెలుసు? అందుకని ప్రతి చరణానికీ ఓ తలుపు పెట్టుకుంటాను, బయటికి పోవడానికి."

అది నా సమర్థతకు మెచ్చుకోలనుకుని ఇంటికెళ్లి మా ఆయనకు కూడా చెప్పుకున్నాను. అంత తెలివి నాది.

ఒక ఏడాది ఉగాదికి ముందు ఆయనే మా ఇంటికి వచ్చారు. "ఈసారి తొమ్మిది నిమిషాలు కావాలి. ఇది తలుపుల్లేని పాట."

"ఐదు, మాస్టారూ."

"తొమ్మిది."

"మీరు కాబట్టి ఆరు."

"పోనీ, ఎనిమిదిన్నర."

"ఏడు. ఇంక అడక్కండి, పిల్లల డాన్సులున్నాయి."

గుమ్మంలో చెప్పులేసుకుంటూ అన్నారు: "ఏడులోనే సర్దుతాలే. చెయ్యి మాత్రం ఎత్తకు."

"అచ్ఛా, ఎత్తను" అన్నాను.

ఆ రోజు మాస్టారి భార్య జరీచీర కట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. ఆవిణ్ణి మేమంతా ఆంటీ అనేవాళ్లం. మాస్టారు "ఇదిగో" అనేవారు. పాటలో ఒక కొత్త పెళ్లికూతురు ఢిల్లీ వస్తుంది. ఇంత పెద్ద ఊళ్లో నన్ను పేరుపెట్టి పిలిచేదెవరని పల్లవిలో అడుగుతుంది. మొదటి చరణంలో పాలవాడు బహెన్‌జీ అంటాడు. రెండోదాంట్లో రేషన్ కొట్టువాడు మేడమ్ అంటాడు. మూడోదాంట్లో పక్కింటి పిల్లలు ఆంటీ అంటారు. సరిగ్గా అప్పుడు, సంఘం చరిత్రలో మొట్టమొదటిసారి, ముఖ్య అతిథి వేళకు ముందే దిగాడు. మా అధ్యక్షుడు గుమ్మం దగ్గర్నుంచి కంగారుగా సైగ చేశాడు. నా చెయ్యి లేచింది.

మాట ఇచ్చింది నోరు. చేతికి ఆ సంగతి తెలియదు. మాస్టారు నా వైపు ఒక్క క్షణం చూశారు. హార్మోనియం తిత్తి మూశారు. నమస్కారం పెట్టారు. జనం ఎప్పటిలాగే చప్పట్లు కొట్టారు.

ఉపన్యాసమయ్యాక భోజనాల వరసలో ఆంటీ నన్ను ఆపింది. "ఏమ్మా, చివరికి ఆ పిల్లను ఎవరు పిలిచారట? నెల్రోజులుగా ఇంట్లో మూడు చరణాలే పాడుతున్నారు. నాలుగోది అడిగితే, సభలో వినవే అంటారు."

నా చేతిలో పులిహోర గరిటె ఆగిపోయింది. పాట ఎవరికోసమో అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లలో ఆవిడ పేరు ఒక్కసారీ అడగలేదని కూడా.

పరుగెత్తాను. మాస్టారు పెట్టె మీద గుడ్డ కప్పుతున్నారు. "తప్పయిపోయింది మాస్టారూ. నా వందన సమర్పణ మానేస్తాను. ఆ చివరి చరణం పాడెయ్యండి."

"ఒక్క చరణమా? మొదట్నించీ పాడాలి."

"జనం ఆకలిమీదున్నారు. పోనీ రెండు..."

"మీ నాన్నగారు కుక్కరు మూతలు విడిగా అమ్మేవారా?"

ఎంతసేపు కావాలో చెప్పమన్నాను.

"తొమ్మిది నిమిషాలు" అన్నారు. ఏడు కూడా కాదు. ఇచ్చేశాను. అడిగినంతా ఇచ్చిన బేరం నా బతుకులో అదొక్కటే.

ప్లేట్ల చప్పుడులోనే పాడారు. సగంమంది వీపులు ఆయనవైపే ఉన్నాయి. నాలుగో చరణంలో ఆఫీసు నుంచి వచ్చిన మొగుడు గుమ్మంలో నిలబడి, ఏళ్ల తరబడి నాలుక చివర దాచుకున్న మాట పలుకుతాడు.

"సీతారావమ్మా..."

"ఆఁ, వస్తున్నా!" అంది వరసలోంచి ఆంటీ, పక్కగదిలోంచి పిలిచినట్టే.

హాలంతా గొల్లున నవ్వింది. అది పాటలో పిలుపని అప్పుడు గానీ ఆవిడకు తెలియలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లు తుడుచుకుంటూనే దెప్పింది: "నలభై ఏళ్లకా పిలిచేది, పులిహోర చల్లారిపోయాక!"

మాస్టారు పోయి చాలా కాలమైంది. ఆయన పాటల కాగితాలు ఏ ఇళ్ల బీరువాల్లో ఉన్నాయో, అసలున్నాయో లేవో నాకు తెలియదు. మా సొసైటీకి కొడుకుల దగ్గరకో కూతుళ్ల దగ్గరకో కొత్తగా ఎవరైనా పెద్దావిడ వస్తే, లిఫ్టులో నేనే పలకరిస్తాను. "సీ బ్లాకు, మూడో అంతస్తండీ" అంటారు. "కార్తీక్ వాళ్ల అమ్మనండీ" అంటారు. "అది కాదండీ, మీ పేరు" అంటాను. కొందరికి చప్పున నోటికి రాదు. నా అంతస్తు వచ్చి వెళ్లిపోతున్నా సరే, వాళ్లు చెప్పేదాకా దిగను.