చవితినాడు పెద్దమ్మ తిన్న ఉండ

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. బేస్తవారిపేటలో మా పెద్దమ్మ వాళ్లకు కిరాణా దుకాణం. వెనక గదిలో వేరుశనగ బస్తాలుండేవి, వాటితో పాటే ఎలుకలూ. పెదనాయన బియ్యప్పిండి, బెల్లం ముద్ద చేసి, సంతలో కొన్న నల్లటి ఎలుకల మందు పొడి కలిపి, ఉండలు చేసి, ఆకుల్లో పెట్టి బస్తాల సందుల్లో ఉంచేవాడు. చూస్తే అచ్చం చలిమిడి.

ఆ నాగుల చవితికి నేను వాళ్లింట్లోనే ఉన్నాను. పెద్దమ్మ పొద్దున్నే పుట్టలో పాలు పోసి వచ్చింది. ఆ రోజంతా ఉప్పు ముట్టదు, పొయ్యి మీద వండింది తినదు. నైవేద్యం పెట్టిన చలిమిడి మాత్రం తినొచ్చు. మధ్యాహ్నం ఏదో పని మీద వెనక గదిలోకి వెళ్లి, కాసేపటికి కోపంగా బయటికొచ్చింది.

"ప్రసాదం తెచ్చి నేలమీద పెడతారా ఎవరైనా? ఎంత పాపం!"

"ఏ ప్రసాదం పెద్దమ్మా?"

"చలిమిడిరా. కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నా."

అది ఎలుకలకు పెట్టిన ఉండ. పెదనాయన మూడు రోజుల కిందటే పొడి పొట్లం తెచ్చాడు. అడుగుదామంటే ఆయన సరుకుల కోసం కంభం వెళ్లాడు.

సంగతి విని పక్కింటి అక్క చెంబుతో ఉప్పునీళ్లు తెచ్చింది, తాపి కక్కించాలని.

"చవితినాడు ఉప్పా? చచ్చినా తాగను," అంది పెద్దమ్మ.

"తాగకుంటే చచ్చేదే గదమ్మా!"

పెద్దమ్మ మూతి బిగించింది. నోరు పుక్కిలించి ఉమ్మడానికి మాత్రం ఒప్పుకుంది. కంభం ఆసుపత్రికి పోదామని అప్పుడే వచ్చిన బస్సులో ఆమెను ఎక్కించాను. ఎత్తు వచ్చినచోటల్లా బస్సు ఆగిపోయేది. ఆగినప్పుడల్లా నేను ఆమె ముఖం చూసేవాణ్ని. "ఏందిరా అట్ల చూస్తావు? ఉన్నాలే," అనేది.

కంభంలో దిగేసరికి, తిరుగు బస్సు కోసం పెదనాయన అక్కడే నిలబడి ఉన్నాడు. విషయం వినగానే ఆయన చేతిలో సంచి జారిపోయింది. దాన్ని అక్కడే వదిలేసి మా దగ్గరికొచ్చాడు.

"అది ఉత్త పిండే! రెండు దినాలు ఉత్తది పెట్టి అలవాటు చేస్తే, మూడోనాడు అనుమానం లేకుండా తింటాయని వ్యవసాయం ఆఫీసరు చెప్పినాడు. పొట్లం ఇంకా విప్పనే లేదు."

"ఎలకలకు రెండు దినాలు విందు పెడితిరి. నాకొక మాట చెప్పేదానికి నోరు రాలేదా? పాండి ఇంటికి," అంది పెద్దమ్మ.

నాకు మాత్రం అనుమానం తీరలేదు. "పిండి దేంట్లో కలిపినావు పెదనాయనా?"

ఆయన తల దించుకున్నాడు. "పోయినసారి మందు కలిపిన గిన్నెలోనే."

ఇక ఇంటిమాట ఎవరూ ఎత్తలేదు. నేరుగా ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది అడిగి, నాడి చూసి, పొట్ట నొక్కి చూశాడు. పొట్లం తెచ్చారా అని అడిగాడు. ఆ ఆలోచనే నాకు రాలేదు. ఉప్పునీళ్ల సంగతి చెబితే, "తాగకపోవడమే మంచిదైంది," అన్నాడు. కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతే అదొక ప్రాణగండమట. ఆ నల్లపొడి కడుపులో పడితే పైన నీళ్లు, పాలు కూడా తాపకూడదట. అందరూ ఉప్పునీళ్లే తాపే కాలమది. ఆ మాట నేను వినడం అదే మొదలు. ఆ తర్వాత నేనడిగిన డాక్టర్లు కూడా కక్కించవద్దనే చెప్పారు.

"శెట్టిగారూ, మందు గిన్నె వంటింటి దరికి రానీకండి. ఎక్కడ పెట్టినారో ఇంట్లో అందరికీ చెప్పండి. చేతులు సబ్బుతో రుద్ది కడుక్కోండి," అని పెదనాయనను మందలించి, సాయంత్రం దాకా పెద్దమ్మను బల్ల మీద పడుకోబెట్టాడు. వాంతి కాలేదు, కడుపునొప్పి రాలేదు. పొద్దు వాలుతుండగా వచ్చి మళ్లీ నాడి చూసి, "ఇంక భయం లేదమ్మా, పోయిరా," అన్నాడు.

ఆ రోజుల్లో బస్సులో ఆడవాళ్లు ముందు, మగవాళ్లు వెనక కూర్చునేవారు. వెనక చోటున్నా పెదనాయన వెళ్లలేదు. పెద్దమ్మ బెంచీ పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"వెనక్కి పోయి కూర్చోరాదా? జనం చూస్తాండారు," అంది ఆమె మెల్లగా.

"చూడనీ," అన్నాడు పెదనాయన.