నెత్తిరాయి

మా కోడలు శ్రీకాకుళంలోని ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతుంది. గనుల చదువులో వాడే ఇంగ్లీషు మాటలకు తెలుగు మాటలు తయారుచేసే పని ఒకటి ఆమెకు అప్పగించారు. నేను రిటైరైన తెలుగు మాస్టారిని కాబట్టి వేసవంతా అరసవల్లిలోని మా డాబా మీద కూర్చుని ఇద్దరం ఆ జాబితా పూర్తిచేశాం. పోయిన వారం అది పై అధికారుల నుంచి తిరిగొచ్చింది. ఖనిజపు పొరకు పైన కప్పులా వంగి ఉండే రాతికి నేను ‘నెత్తిరాయి’ అని రాశాను. దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన ‘గ్రామ్యం, తొలగించండి’ అని రాశారు. “మావయ్యా, కోప్పడకండి. వేరే మాట ఏదైనా ఇద్దాం,” అంది కోడలు. నేను కాఫీ గ్లాసు గట్టు మీద ఎంత గట్టిగా పెట్టానంటే సగం ఒలికి, ఆమె కాగితాలు తడిసిపోయాయి. కాగితాలు తడిపినందుకు క్షమాపణ చెప్పాను. కోప్పడినందుకు మాత్రం చెప్పలేదు.

ఆ మాట నాది కాదు, మా మావది. మా అమ్మ తమ్ముడు చీపురుపల్లి వైపు ఒక మాంగనీసు గనిలో మేటుగా ఉండేవాడు. మేటంటే ఇరవైమంది కూలీల గుంపుకి పెద్ద, వాళ్ల ప్రాణాలకు పూచీ. బడికి పోయింది రెండేళ్లే. అక్షరాలు మాత్రం మా బాప్టిస్టు చర్చిలో బైబిలు మీద వేలు పెట్టి కూడబలుక్కుని నేర్చుకున్నాడు. ఆదివారం ఆయన వాక్యం చదవడం మొదలుపెడితే పాస్టరుగారు కుర్చీ వెతుక్కునేవారు, అంత నిదానం. రాతి దగ్గర మాత్రం ఆయన ఎక్కడా తడుముకోడు. చేతికి మసి అంటితే మసిరాయి, అరచేతిలో బరువు తూగితే ఇనపరాయి, తెల్లచార అడ్డంగా పోతే పాలరాయి. పొర కింద ఉండేది పడకరాయి, పైన ఉండేది నెత్తిరాయి. గునపంతో రెండుసార్లు తట్టి, చెవి ఆనించి, “ఇది గుల్లగున్నాదిరా, దీని జోలికి పోకండి,” అనేవాడు. ఎవరూ పోయేవారు కాదు.

డిగ్రీ అయ్యాక నేను అదే గని ఆఫీసులో గుమస్తాగా చేరాను. తెలుగు సాహిత్యం చదివానన్న పొగరు అప్పట్లో చొక్కా మీద ఇంకుపెన్నులా బయటికి కనిపించేది. మావ గుంపులో తట్టలు మోసే ఒకావిడ మా వీధి చివరింటి కోడలు, నాకు వరసకి వదిన. తట్ట నెత్తినుంటే క్రీస్తు పాటలు పాడేది, తట్ట దిగితే నన్ను ఏడిపించేది. “ఒరే మరిదీ, నీ సదువుకి ఈ నల్లరాయి తెల్లబడతాదేటి?” అని అందరి ముందూ అడిగితే, నేను పుస్తకం తెరిచి చదువుతున్నట్టు నటించేవాణ్ని.

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. ఒక శనివారం సర్వేయరు గట్టు పైకెక్కి కొలతలు తీస్తుంటే, నెత్తిరాయికి వెనకవైపు పొడుగాటి బీట కనిపించింది. గుంటలో పనిచేసేవాళ్లకు అది కింది నుంచి కనపడదు. ఆయన ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసిచ్చాడు. దాన్ని తెలుగులో బోర్డు రాయించే పని మేనేజరు నాకిచ్చాడు. నేను ముందు రాసింది ఇది: ‘నెత్తిరాయి బీటలిచ్చింది. దాని కింద తవ్వొద్దు.’ మేనేజరు చదివి, దాని మీద అడ్డంగా గీత గీశాడు. “ఇది కూలీల భాషయ్యా. ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తే మన పరువేం కావాలి? చదువుకున్నవాడివి, చదువుకున్నట్టు రాయి.”

ఆయన బలవంతంగా రాయించాడని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. కానీ నేను ఉత్సాహంగా రాశాను. నిఘంటువు తీసి, సమాసం కుదిరినప్పుడల్లా మురిసిపోతూ రాశాను. ‘ఉపరిశిలాకుడ్యము శిథిలావస్థయందున్నది. అధఃఖననము నిషిద్ధము.’ మేనేజరు నా భుజం తట్టాడు. బోర్డు ఉంటుంది కదా అని, మావకు నోటితో చెప్పాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

సోమవారం ఉదయం బోర్డు పాతారు. నాకు ఏవో కాగితాలిచ్చి విజయనగరం పంపించారు. మావ గుంపుతో వచ్చి, బోర్డు ముందు నిలబడి, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడట. కాపలావాణ్ని పిలిచి, “ఇదేటి రాసినారు? నాకు తెల్దుగానీ నీకేటైనా తెలస్తందా?” అని అడిగాడట. “ఇన్‌స్పెక్టరొస్తాడంట, ఆయన కోసరం. మనకి కాదులే,” అన్నాడట వాడు. మావ గునపంతో తట్టి చూశాడు. కింద గట్టిగానే పలికింది. పని మొదలుపెట్టారు. పది దాటాక నెత్తిరాయి ఒక్కసారిగా ఊడిపడింది. మావ ఇద్దరు ఆడవాళ్లను రెక్క పట్టి ఇవతలికి లాగాడు. మూడోసారి వెళ్లేసరికి వదిన తట్ట అంచు తప్ప ఏమీ కనపడలేదు.

విచారణ గని ఆఫీసులోనే జరిగింది. మావ చేతులకు కట్లతో నిలబడ్డాడు.

“తెలుగులో హెచ్చరిక పెట్టారా?” అడిగాడు విచారణాధికారి.

“పెట్టినారు బాబూ.”

“నువ్వు చదివావా?”

“సదివినాను.”

“చదివి కూడా ఎందుకు తవ్వించావు?”

“సదివినాను గానీ బాబూ, అది నాకు సెప్పినట్టు లేదు.”

అధికారి బోర్డు నకలు చూపిస్తూ, గుమస్తాగా పక్కన కూర్చున్న నావైపు తిరిగాడు. “ఇది తెలుగేనా?”

“తెలుగేనండి,” అన్నాను.

జీవితంలో నేనాడిన మాటల్లో నన్ను ఇవాళ్టికీ కాల్చేది ఆ ఒక్క మాటే.

ఆ రోజు మావ ఇంటికి వెళ్లి, రాసింది నేనేనని చెప్పాను. ఆయనకు అప్పటిదాకా తెలియదు. “ఒరే అల్లుడూ, నెత్తిరాయని ఒక్క ముక్క రాయనేకపోనావా? ఆ పిల్ల బతికుండును కదరా,” అన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది.

మర్నాటి విచారణకు మేనేజరు గీత గీసిన నా మొదటి కాగితం పట్టుకెళ్లి బల్ల మీద పెట్టాను. ఎవరు కొట్టేశారో, ఎందుకు కొట్టేశారో చెప్పాను. అధికారి దాన్ని వేలితో పక్కకు జరిపాడు. “పాతిన బోర్డు ఇది కాదు కదా.” చివరికి హెచ్చరికను లక్ష్యపెట్టని తప్పు మేటుదేనని తేల్చారు. మావ మేటు సర్టిఫికెట్టు రద్దయింది. మేనేజరుకు ఏమీ కాలేదు, బదిలీ అయి పెద్ద గనికి వెళ్లాడు. నేను ఆ సాయంత్రమే ఉద్యోగం వదిలేశాను. వదిలేసినంత మాత్రాన నేను గొప్పవాణ్నేమీ కాలేదు.

మావ మాత్రం వదల్లేదు. ఇరవైమందికి పెద్దగా ఉన్న గుంటలోనే మామూలు కూలీగా చేరాడు. మొదటిరోజే ఇంటి నుంచి సున్నం డబ్బా, కొబ్బరిపీచు కుంచె తెచ్చుకుని, రాతిగోడ మీద మూరెడేసి అక్షరాలతో ‘నెత్తిరాయి. కింద తవ్వకండి’ అని రాశాడు. కంపెనీవాళ్లు కడిగించారు. మళ్లీ రాశాడు. పని లోంచి తీసేస్తామన్నారు. “తీసీండి. రాసే పోతాను,” అన్నాడు. ఆ రోజు గుంపంతా తట్టలు కింద పెట్టి ఆయన వెనక నిలబడ్డారు. ఆ తర్వాత కడిగించడం మానేశారు. వానకు సున్నం కరిగినప్పుడల్లా, గుంట లోతుకు పోయినప్పుడల్లా, ఆయన కొత్త రాతి మీద మళ్లీ రాసేవాడు. ఆయన చేయగలిగినన్నాళ్లూ ఆ గుంటలో ఇంకెవరూ రాతి కింద పడి చావలేదు. మావ ముసలితనంలో, మంచం మీద, తన వాళ్ల మధ్య పోయాడు.

వదిన పోయేనాటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు. నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఈ మధ్య ఏళ్లన్నీ నేను పాఠాలు చెప్పాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను, మనవల్ని ఎత్తుకున్నాను. అలాంటి ఏళ్లే ఆమెకూ రావలసి ఉంది. అది తలుచుకున్నప్పుడు కాలం గడిచిపోయిందని నాకనిపించదు, ఆమె చేతిలోంచి లాక్కున్నామనే అనిపిస్తుంది.