మా బావ తీసిన చీటీ

మా బావకు వినపడదన్న సంగతి ముగ్గురికే తెలుసు: ఆయనకు, మా అక్కకు, నాకు. బడిలో తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. పిల్లలకు వీడియో తీయడం నేర్పే మాస్టారికి చెవులు పనిచేయవంటే ఎవరు ఉంచుకుంటారు? ఇంటికి ఆ జీతం తప్ప వేరే ఆధారం లేదు. అందుకని ఏడాదిగా ఎదుటివాళ్ళ పెదాలు చూసి నెట్టుకొస్తున్నాడు. చెవికి మెషిన్ పెట్టుకోమంటే, అది నలుగురికీ కనపడుతుందిగా అంటాడు. మొండితనంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు, మా అక్క తప్ప.

అలాంటి మనిషి తన గొయ్యి తానే తవ్వుకున్నాడు. ఆయన క్లాసులో డైరెక్టరుగా ఉండే కుర్రాడొకడు, మైకు సరిగ్గా పట్టుకోవడం లేదని ఒక పిల్లను రోజూ కసిరేవాడట. ఎప్పుడూ ఆ పనే చేస్తుంది కాబట్టి ఆ పిల్లను అందరూ మైకు అనే పిలుస్తారు. బావకు ఒళ్ళు మండింది. ఇకనుంచి ప్రతి షూటింగుకూ చీటీలు తీసి పనులు మార్చుకోవాలన్నాడు. ఒకరి కష్టం ఒకరికి తెలియాలని ఆయన ఆశ. తెలిసింది కూడా. మైకు పట్టే చీటీ ఆ కుర్రాడికే వచ్చింది. పొడవాటి కర్ర చివర మైకు కట్టి తలపైన ఎత్తి పట్టుకునేసరికి, కాసేపటికే డైరెక్టరుగారి భుజాలు పడిపోయాయి, నోరూ మూతపడింది. ఆ రోజు బావ ఇంటికొచ్చి ఎంత పొంగిపోయాడో.

చివరి షూటింగు నాడు, మాస్టారు కూడా చీటీ తీయాల్సిందేనని పిల్లలు పట్టుబట్టారు. మైకు ఒక్కతే వద్దంది. ఆ పిల్ల మాట ఎవరూ లెక్కచేయలేదు. ఏ సాకూ దొరక్క బావ చీటీ తీశాడు. అందులో సౌండు అని ఉంది, అంటే హెడ్‌ఫోన్లలో వింటూ గొంతులు రికార్డు చేసే పని.

ఆ రోజు తీసే సినిమా చూశాకే ఈ క్లాసు ఉంచాలో తీసేయాలో తేలుస్తామని ప్రిన్సిపాల్ మేడం ముందే చెప్పి ఉన్నారు. బావ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఏమీ వినపడలేదు. రికార్డరు మీద రెండు నాబులుంటాయి. ఒకటి తన చెవికి ఎంత వినపడాలో దానికి, రెండోది లోపల ఎంత రికార్డవ్వాలో దానికి. మొదటిది చివరిదాకా తిప్పినా చాల్లేదు. రెండోదీ తిప్పేశాడు. అప్పుడు వినపడింది. పిల్లల గొంతులు, కుర్చీ జరిపిన చప్పుడు, ఎవరో ముక్కు ఎగబీల్చడం, అన్నీ. అంత పెంచితే రికార్డింగు పాడవుతుందని తెలిసి కూడా చెయ్యి వెనక్కి తిప్పలేకపోయాడట.

ఆ సాయంత్రమే మేడం ముందు, పిల్లలందరి మధ్య, లైట్లు ఆపి సినిమా వేశారు. గొంతులన్నీ రేకు మీద రాళ్ళు పోసినట్టు వచ్చాయి. సౌండు ఎవరు చేశారని మేడం అడిగారు. తెర వెలుగు ఆమె ముఖాన పడి, ఆ మాట బావకు అందింది. బావ నోరు తెరవబోయాడో లేదో ఆయనకే తెలియాలి. ఈలోగా మైకు లేచి మేడం వైపు తిరిగి ఏదో చెప్పింది. బావకు కనపడింది ఆ పిల్ల జడ మాత్రమే. మేడం ఏదో అడుగుతూ బావను చూశారు. ఇటు తిరిగేసరికి వెలుగు ఆమె వెనక్కి పోయింది, ఆ చీకట్లో పెదాలు కంటికి ఆనలేదు. వినపడని మనిషి ఏం చేస్తాడు? తల ఊపాడు.

మర్నాడు క్లాసులో మైకు లేదు. ఎక్కడని అడిగితే డైరెక్టరు కుర్రాడు వచ్చి సరిగ్గా ఆయన ముఖానికి ఎదురుగా నిలబడ్డాడు. ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"సౌండు తనే చేశానంది సార్. నిజమేనా అని మేడం అడిగితే మీరు అవునన్నారు. క్లాసు ఉంచి, తనని మాత్రం తీసేశారు."

వాడు అలా ఎందుకు మాట్లాడుతున్నాడో బావకు అర్థమైంది. ఎప్పట్నుంచి తెలుసని అడిగాడు.

"మైకుకి ముందునుంచీ తెలుసు సార్. మాకు నిన్నే చెప్పింది."

బావ తిన్నగా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ సౌండు నేను చేశాను మేడం. నాకు వినపడదు. ఏడాదైంది."

మేడం బల్ల మీదికి తల వంచుకుని ఏదో అన్నారు. బావ మళ్ళీ తల ఊపబోయి ఆపుకున్నాడు.

"మీరన్నది వినపడలేదు. నా వైపు చూసి చెప్పండి."

ఆమె తలెత్తారు. పిల్లను వెనక్కి పిలుస్తామన్నారు. ఆయన్ని మాత్రం రేపటినుంచి రావద్దన్నారు. ఈసారి ఒక్క మాట కూడా ఆయన కంటికి తప్పిపోలేదట.