దరఖాస్తులోకి ఎక్కిన దేవత

దరఖాస్తు రాసింది నేనే. అందులో ప్రతి అక్షరమూ నాదే. మా ఊళ్ళో డిగ్రీ దాకా చదివిన మొదటి ఆడపిల్లను, ఆశ్రమ పాఠశాలలో టీచర్ని. ఇంకెవరు రాస్తారు మరి? ఊరంతా మా అరుగు మీద కూర్చుని, “నువ్వు రాసీ, మాము ఏలిముద్ర ఏసీత్తాం” అన్నారు. నాకు గర్వంగా కూడా అనిపించింది. ఆ గర్వాన్ని తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

జి.మాడుగులలో జీపెక్కి, రోడ్డు ఆగిపోయిన చోట దిగి, గంట నడిస్తే మా ఊరు. ముప్పై గడపలు. ఊరి వెనక కొండ. కొండ మీద సిల్వర్ ఓక్ నీడలో అందరి కాఫీ తోటలూ, చెట్లకు పాకిన మిరియం తీగలూ, అడ్డాకులూ. ఇంకా పైన ఊట. ఆ ఊట నీళ్ళే గెడ్డగా దిగి మా మడులు తడుపుతాయి, మా బిందెలు నింపుతాయి. కింద పోడు చెక్కలకు పట్టాలు ఇచ్చారు గానీ కొండకు మాత్రం ఏ కాగితమూ లేదు. కొండకు కాగితం ఏమిటి అనుకుని మేమూ అడగలేదు.

ఒక ఏడు వానలు వెనకబట్టాక కరెంటు కంపెనీ తెల్ల టోపీలవాళ్ళు వచ్చారు. బండల మీద ఎర్ర రంగుతో నంబర్లు వేశారు. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు కట్టి, నీళ్ళు పైకి తోడి కిందకు వదిలి కరెంటు తీస్తారట. మా అయ్య అది విని నవ్వాడు. “కింద ఉన్న నీళ్ళని పైకి తోలీసి, మళ్ళీ కిందకి ఒదిలెత్తారా? అదేటి పనే?” అన్నాడు. కాఫీ తోటలూ ఊటా అన్నీ ఆ పై చెరువులోకి పోతాయని నేను చెప్పాక నవ్వలేదు.

మా అయ్య గురించి చెప్పాలి. ఒకప్పుడు ఆ కొండకు ఆయనే పూజారి. ఆయన తండ్రీ పూజారే. కొండ నెత్తిన పాత పనస చెట్టు కింద మూడు రాళ్ళుండేవి. అవే జాకర దేవత. విత్తనాలు చల్లే ముందు ఊరంతా పైకి వెళ్ళేవాళ్ళు. అయ్య కోడిని కోసి, ఆ రక్తం విత్తనాల్లో కలిపి ఇంటింటికీ పంచేవాడు.

నా తమ్ముడికి జ్వరం వచ్చింది. అయ్య కోడిని కోశాడు, మేకను కోశాడు. నాలుగో రోజు తమ్ముడు పోయాడు. మరుసటి నెల నాకు అదే జ్వరం. ఆ రోజుల్లో మా వైపు కొత్తగా తిరుగుతున్న పాస్టరు గారు ప్రార్థన చేస్తానని వచ్చి, నా ఒళ్ళు పట్టుకు చూసి, “ప్రార్థన తరవాత, ముందు గుంటని ఆసుపత్రికి ఎత్తండి” అన్నాడట. డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. అక్కణ్ణుంచి ఆయన బండి మీద, ఆయనకూ మా అయ్యకూ మధ్య నన్ను ఇరికించి, పాడేరు ఆసుపత్రికి చేర్చారు. బతికాను. నన్ను బతికించింది సూది మందు అని నేనంటాను. ప్రభువు అని అయ్య అంటాడు. వాదించను. బిడ్డను పోగొట్టుకున్నది ఆయన, నిలబెట్టుకున్నది కూడా ఆయనే.

పూజారే ప్రభువు వైపు మారిపోయాక ఊరు ఎందుకు ఆగుతుంది? మూడు నాలుగేళ్ళలో ఒక్క పెద్దయ్య తప్ప అందరూ మారిపోయారు. పెద్దయ్య అంటే మా అయ్యకు వరసకు అన్న. విశ్వాసి చేతిలో ఆ రాళ్ళు ఉండకూడదని పాస్టరు గారు అన్నప్పుడు, అయ్య వాటిని తన భుజం మీదే కిందకు దించి, అప్పుడే కడుతున్న ప్రార్థన మందిరం పునాదిలో వేశాడు. “మంచి రాళ్ళు, గెడ్డలో పారీటం దేనికి?” అన్నాడట. మా అయ్య అలాంటి మనిషి. ఏదీ వృథా చెయ్యడు, ఏదీ దాచడు.

ఇంక నాయకులు. ఒకాయన క్రిస్మస్‌కి వచ్చాడు. మా మందిరంలో కేకు కోసి, సగం నా నోట్లో కుక్కి, “మీ కొండ జోలికి ఎవడొస్తాడో నేనూ చూస్తాను” అన్నాడు. చప్పట్లు కొట్టాం. కంపెనీకి అనుమతి ఇచ్చింది ఆయన ప్రభుత్వమేనని రెండు నెలల తరవాత తెలిసింది. ఆయన పేరెత్తితే నాకు ఆ కేకు తీపి గొంతులోకి వస్తుంది, ఛీ.

ఇంకో జట్టు మైదానం నుంచి వచ్చింది. మెడల్లో దేవుడి కండువాలు. సంత రోజున మైకు పెట్టి అరిచారు. “మతం మారినవాళ్ళు గిరిజనులే కాదు! దేవతను వదిలేసినవాడికి దేవత కొండ మీద హక్కేమిటి? గిరిజనుల జాబితాలోంచి వీళ్ళ పేర్లు కొట్టెయ్యాలి!” ఉల్లిపాయల సంచీ పట్టుకుని నేను అక్కడే నిలబడ్డాను. చప్పట్లు కొడుతున్నవాళ్ళలో నాకు తెలిసిన ముఖాలున్నాయి. నాతో ఒకే హాస్టల్లో గంజి తాగినవాళ్ళు! సంచీ భుజానికెత్తుకుని గబగబా నడిచాను. కోపమా, భయమా అంటే రెండూ. చట్టంలో అలా లేదని నాకు తెలుసు. మతం మారినా గిరిజనులు గిరిజనులే. అయినా ఆ అరుపు నా చెవిలో పడి, అక్కడితో ఆగకుండా లోపలికి దిగిపోయింది.

కొండ మీద ఊరందరికీ ఉమ్మడి హక్కు కోరుతూ దరఖాస్తు పెడదామన్నది నేనే. అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ ద్వారా పెట్టుకోవచ్చు. హక్కు కాగితం వస్తే ఊరు ఒప్పుకోకుండా కంపెనీ అడుగు పెట్టడం కష్టం. ఫారంలో ఆధారాలు అడిగారు. శ్మశానం రాశాను, ఊట రాశాను, రాళ్ళు పేర్చి కట్టిన పాత గట్లు రాశాను. అన్నీ నిజాలే. తరవాత పవిత్ర స్థలాలు అన్న గడి దగ్గర కలం ఆగింది. సంతలో మైకు మళ్ళీ వినిపించింది. “కొండపైన జాకర దేవత వెలసి ఉన్నది. గ్రామస్తులు నేటికీ పూజలు చేయుచున్నారు” అని రాశాను. పూజారి పేరు అన్నచోట మా అయ్య పేరు రాశాను.

“ఏటి రాసినావే గుంటా, సదువు,” అన్నాడు అయ్య.

చదివాను.

“మానీసి ఇరవయ్యేళ్ళు దాటిపోనాది కదే.”

“అలా రాయకపోతే ఇవ్వరయ్యా. నీకెరిక లేదు, ఊరుకో.”

ఆయన ఊరుకున్నాడు. చదువుకున్న కూతురి ముందు ఊరుకోవడం ఆయనకు అలవాటు.

తనిఖీకి వస్తున్నామని కబురు వచ్చింది. పైన చెట్టు తప్ప ఏముంది? సంతకు పరుగెత్తి పసుపు, కుంకుమ, ఎర్ర గుడ్డ, రెండు కొబ్బరికాయలు కొన్నాను. పెద్దయ్య దగ్గరకు వెళ్ళాను. ఆయన నన్నూ నా సంచీనీ చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఓలమ్మో! ఏసు పెబువు గుంట అమ్మోరికి పండగ సేత్తన్నాదర్రా!”

“ఊరి కోసం పెద్దయ్యా.”

“రాళ్ళు పెట్టమంటే పెట్టీగల్ను. అందులో అమ్మోరు కూకుంటాదో లేదో నాను సెప్పలేను.”

గెడ్డలోంచి మూడు గుండ్రటి రాళ్ళు ఏరి ఇద్దరం పైకి మోశాం. పసుపు రాశాను, బొట్లు పెట్టాను, గుడ్డ కట్టాను. దూరం నుంచి చూసుకుని బాగానే ఉందనుకున్నాను కూడా. అయ్యకు చెప్పలేదు.

మర్నాడు రెవెన్యూ అధికారి, ఫారెస్టు ఉద్యోగి, సర్వేయరు వచ్చారు. వాళ్ళ వెనకాల కంపెనీ టోపీ ఒకటి. ఊరంతా కొండెక్కింది. రెవెన్యూ అధికారి చెడ్డవాడేం కాదు. రొప్పుతూ, చెమట తుడుచుకుంటూ ఊట చూశాడు, నీళ్ళు తాగాడు, గట్లు చూసి తల ఊపి రాసుకున్నాడు. ఇంకేం, పని అయిపోయినట్టే అనుకున్నాను. పనస చెట్టు దగ్గరకు వచ్చాక కాగితం చూసి, “పూజారి ఎవరు?” అన్నాడు.

అందరూ అయ్యను ముందుకు తోశారు.

“ఈ రాళ్ళు ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయి ఇక్కడ?”

అయ్య రాళ్ళను చూశాడు. పెద్దయ్యను చూశాడు. తరవాత నన్ను చూశాడు. గోళ్ళ సందుల్లో కుంకుమ ఇంకా పోలేదని అప్పుడు గుర్తొచ్చి చేతులు పమిటలో దాచుకున్నాను. అను అయ్యా, ఒక్క మాట అను, మా తాతల కాలం నుంచి అని అను, అని లోపల మొత్తుకున్నాను.

“నిన్నటివి బాబూ,” అన్నాడు.

ఫారెస్టు ఉద్యోగి ఫక్కున నవ్వాడు. అధికారికి అర్థం కాక, “ఏమిటీ?” అన్నాడు.

“గెడ్డలో రాళ్ళు. సూడండి, పాచైనా లేదు. అసలు రాళ్ళు మా పార్దన మందిరం పునాదిలో ఉన్నాయి. నానే ఏసినాను. పూజ మానీసినాం.”

“మరి ఇవి పెట్టిందెవరు?”

“అది సెప్పను.”

“తెలీదా, చెప్పవా?”

“ఎరికే బాబూ. సెప్పను.”

అధికారి రాసుకోవడం ఆపేశాడు. అయ్యకు అప్పుడు ఏదో చెయ్యి జారిపోతోందని తెలిసినట్టుంది. అధికారి చెయ్యి పట్టుకున్నంత పని చేసి చెట్టు వెనక బండ దగ్గరకు తీసుకెళ్ళాడు. “ఇది సూడండి బాబూ, మా తాత, ఆళ్ళ తాత కోళ్ళు కోసిన బండ. కత్తి దెబ్బలకి ఎలా గుంటడిపోనాదో సూడండి. ఇది నిన్నటిది కాదు.” నిజంగానే ఆ బండ నడుమ దోసెడు నీళ్ళు పట్టేంత అరిగిపోయి ఉంది. అది నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న బండ. నా దరఖాస్తులో దాని మాటే లేదు.

“ఇది కూడా నిన్నే చెక్కారేమో,” అన్నాడు ఫారెస్టు ఉద్యోగి.

నెల తిరక్కుండా కాగితం వచ్చింది. సమర్పించిన ఆధారాలు కల్పితములు, తిరస్కరించడమైనది. మా శ్మశానమూ, మా ఊటా, మా ముత్తాతలు పేర్చిన గట్లూ అన్నీ కలిపి కల్పితములు. పైకి అప్పీలు పెట్టాం. కల్పితములన్న మాట మాకన్నా ముందే పైకి వెళ్ళింది, అదీ కొట్టేశారు. కండువాలవాళ్ళు సంతలో మళ్ళీ మైకు పెట్టి, దేవత పేరుతో మతం మారినవాళ్ళు మోసం చేశారని అరిచారు. కేకు కోసినాయన ఫోను ఎత్తలేదు.

చట్టం నియమాల పుస్తకం నా సంచీలో ఆరు నెలలుగా ఉంది. తిరస్కరించిన కాగితం వచ్చిన రోజు దాన్ని మొదటి పేజీ నుంచి చదివాను. పూజలు ఇప్పుడు జరుగుతూ ఉండాలని ఎక్కడా లేదు. పాత కాలపు ఆనవాలు చూపిస్తే చాలు. ఎవరు ఏ దేవుణ్ణి కొలుస్తారన్న ప్రశ్నే లేదు. చదువుకున్నదాన్ని, పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని! మైకులో అరిచినవాడి మాటనే చట్టమనుకుని, వాడు అడగని అబద్ధం కూడా వాడికోసం తయారుచేసి పెట్టాను. అయ్యకు అక్షరం ముక్క రాదు. ఆయన్ను మాట్లాడనిచ్చి నేను రాసుకుని ఉంటే ఆ బండ ఒక్కటీ మాకు సరిపోయేది.

రాళ్ళు పెట్టింది నేనేనని ఊరికి చెప్పేస్తానన్నాను. పొయ్యి ముందు కూర్చున్న అయ్య కట్టె తీసి నేలకేసి కొట్టాడు. ఆయన నా మీద కోపపడటం అదే మొదలు. “నోరు ముయ్యి. గవర్మెంటోళ్ళకి దొంగ సాచ్చెం పెట్టినావని తెలిత్తే నీ ఉజ్జోగం పోద్ది. కొండ ఎలాగూ పోనాది. నువ్వు కూడా పోతావేటే?”

కొండ చుట్టూ కంపెనీ కంచె పడింది. కాఫీ పండి చెట్ల మీదే నల్లబడి రాలిపోయింది. కోసుకోవడానికి వెళ్ళినవాళ్ళను కాపలావాళ్ళు వెనక్కి పంపేశారు. రాళ్ళు పెట్టిందెవరో పెద్దయ్య నోరు విప్పలేదు. ఊరు మాత్రం అయ్యతో మాటలు మానేసింది. బాట మీద ఎదురైతే పక్కకు తిరిగేవాళ్ళు.

ఒక ఆదివారం నేను అయ్యతో మందిరానికి వెళ్ళాను. నన్ను బతికించిన పాస్టరు గారే, ఇప్పుడు తల నెరిసిపోయింది. అధికారుల ముందు నిజం పలికిన ఒక్క మనిషి ఈ ఊళ్ళో ఉన్నాడని ప్రసంగంలో అయ్యను మెచ్చుకున్నాడు. ఎవరూ ఆమెన్ అనలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి మా పొరుగింటామె లేచింది. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ కొండ మీది కాఫీతోనే సాకిన మనిషి.

“ఏటి నిజం? ఆ నిజం నా తోటని మింగీసినాది. ఆ రాళ్ళు ఎవులు పెట్టినారో ఆళ్ళ కాళ్ళకి దండం ఎడతాను. ఊరి కోసం పెట్టినారు ఆళ్ళు. ఈ ముసిలోడే ఊరిని ముంచీసినాడు!”

అయ్య ముందు వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. వెనక నుంచి ఆయన మెడ మీది నరాలు కనిపిస్తున్నాయి. నేను ఇంక ఆగలేకపోయాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. లేచి, “ఆ రాళ్ళు...” అన్నాను.

అయ్య పాట ఎత్తుకున్నాడు. గట్టిగా, రాగం లేకుండా, ఎప్పుడూ పాడనివాడు. మా దగ్గర పెద్దవాళ్ళు పాట ఎత్తుకుంటే అందరూ లేచి అందుకోవాల్సిందే. ఇష్టం లేకపోయినా లేచారు. పొరుగింటామె కూడా కళ్ళు తుడుచుకుని అందుకుంది. ఆయన నా వైపు తిరగలేదు. ఊపిరి తీసుకోకుండా ఒక చరణం మీద ఇంకో చరణం పాడుతూనే ఉన్నాడు. నేను నిలబడే ఉన్నాను, నోరు తెరిచే ఉంది. ఆయన ఆగితే చెబుదామని చూశాను. ఆగలేదు. నేనూ పాడాను.