ఖాడీ నీళ్లు గుమ్మం దాటిన రోజు

నా చిన్నప్పుడు మేముండే గదికి కిటికీ లేదు. తలుపు మూస్తే పట్టపగలే చీకటి. మా నాయన, అమ్మ కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పని కోసం సూరత్ వచ్చి, ఉన్ అనే పేట దాటాక ఖాడీ పక్కన ఆ గది అద్దెకు తీసుకున్నారు. సముద్రపు పోటుకు ఉప్పునీళ్లు ఎక్కి, పాటుకు బురద మిగిల్చి వెళ్లిపోయే వాగును ఇక్కడ ఖాడీ అంటారు. నాయన సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు నడిపేవాడు, అమ్మ అదే కార్ఖానాలో నూలు కండెలు చుట్టేది. ఇద్దరూ పొద్దున్నే ఖాడీ మీది వంతెన దాటి వెళ్తే మళ్లీ సాయంత్రానికే రావడం.

"ఎవ్వలు పిలిసినా తలుపు తియ్యకు బిడ్డా. గొళ్లెం పెట్టుకొని లోపల్నే ఉండు" అని అమ్మ రోజూ చెప్పి పోయేది.

నన్నింకా బడిలో వేయలేదు. ఆ గదుల వరుసలో తెలుగువాళ్లం మేమొక్కరమే. బయట పిల్లలు ఆడుకుంటుంటే తలుపు సందులోంచి చూసేదాన్ని. వాళ్ల మాట నాకు రాదు, నా మాట వాళ్లకు రాదు. మొదట్లో మధ్యాహ్నాలు నాతో నేనే మాట్లాడుకునేదాన్ని. కొన్నాళ్లకు అదీ మానేశాను.

మా వరుస వెనక, ఉప్పునీళ్లలో పెరిగే మడచెట్ల అంచున, ఒక మట్టిదిబ్బ మీద చేపలు పట్టేవాళ్ల గుడిసెలు ఉండేవి. వాటిలో ఒకదానిలో ఒంటరిగా ఒక ముసలామె ఉండేది. అందరూ ఆమెను మాసీ అనేవాళ్లు, అంటే పిన్నమ్మ. పాటు సమయంలో మోకాలిలోతు బురదలో దిగి, చేత్తోనే బురదచేపలు పట్టి, గంప నెత్తిన పెట్టుకుని మా తలుపు ముందునుంచే వెళ్లేది. చేతుల నిండా పచ్చబొట్లు, కాళ్ల నిండా ఎండిన బురద. నన్ను చూసి ఏదో అనేది. నాకు భయం వేసి తలుపు మూసేసేదాన్ని.

ఒక వానాకాలం ముసురు పట్టి వదల్లేదు. ఆ రోజు కూడా అమ్మానాయనా పనికి వెళ్లారు. వాళ్లు వెళ్లాక వాన ఇంకా పెద్దదైంది. పైనుంచి వాననీరు దిగే వేళకే కిందినుంచి సముద్రం పోటెత్తింది. రెండు నీళ్లూ ఎదురెదురుగా వచ్చేసరికి ఖాడీ నీరు పోయే దారి లేక మా వరుస మీదికి మళ్లింది. అదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా తలుపు కింద నుంచి నల్లటి నీళ్లు పాముల్లా లోపలికి వస్తున్నాయన్నదే. బట్టలకు రంగులద్దే కార్ఖానాల వాసన. నేను ట్రంకుపెట్టె మీదికి ఎక్కాను.

ఎవరో తలుపు బాదారు, గుజరాతీలో అరిచారు. తీయలేదు. ఇంకొకరు వచ్చారు, హిందీలో అరిచారు. ఇంకా ముడుచుకుని కూర్చున్నాను. కాసేపటికి గిన్నెల చప్పుడు, పిల్లల ఏడుపు, పరుగులు అన్నీ దూరమయ్యాయి. మా వరుస ఖాళీ అయిపోయిందని చీకట్లో కూడా అర్థమైంది. మా బియ్యం డబ్బా నీళ్లలో తేలుతూ వచ్చి పెట్టెకు తగిలింది. ఇంత పెద్ద ఊళ్లో నేనున్నానని ఎవరికీ గుర్తు లేదనిపించింది. అంత ఒంటరితనం నాకు ఈ వయసులో కూడా మళ్లీ తగల్లేదు.

అప్పుడు తలుపవతల ఒక ముసలి గొంతు, మెల్లగా, వంకరటింకరగా పలికింది.

"దా బిడ్డా... బువ్వ దిందువు... దా."

రోజూ సాయంత్రం పని నుంచి వచ్చి అమ్మ తలుపు ముందు నిలబడి నన్ను పిలిచే పిలుపు అది. మా వరుస ముందున్న నీళ్ల కుళాయి దగ్గర నిలబడి మాసీ ఎన్నిసార్లు విన్నదో ఏమో! ఆమెకు దాని అర్థం తెలియదు. నన్ను బయటికి రప్పించే మాట అదేనని మాత్రం తెలుసు. నేను నీళ్లలోకి దిగి, తడుముకుంటూ వెళ్లి గొళ్లెం తీశాను. నడుములోతు నీళ్లలో మాసీ నిలబడి ఉంది. నన్ను భుజానికెత్తుకుంది.

దిబ్బ మీద ఆమె గుడిసెలో నాకు బియ్యప్పిండి రొట్టె, వేయించిన ఎండుచేప పెట్టింది. ఎదురుగా మడచెట్లు నీళ్లలో సగం మునిగి ఉన్నాయి. ఊరి వైపు ఉరుకుతున్న నీళ్లు వాటి వేళ్ల దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిస్తున్నాయి. మాసీ వాటిని చూపించి, వచ్చీరాని హిందీలో, "యే ఝాడ్ నహీ, తో హమ్ భీ నహీ" అంది. ఈ చెట్లు లేకపోతే మనమూ లేమని. ఆ రోజు నాకు ఆ మాట అర్థం కాలేదు. రొట్టె తింటూ ఆమె కొంగు పట్టుకుని కూర్చున్నాను.

సాయంత్రానికి పోటు తగ్గింది. అమ్మ బురదలో పడుతూ లేస్తూ వచ్చింది. నన్ను చూడగానే వీపు మీద ఒక్కటి వేసి, అంతలోనే హత్తుకుని ఏడ్చింది. మాసీ చేతులు పట్టుకుని, "నీ కడుపు సల్లగుండ అక్కా" అంది. మాసీకి అర్థం కాక నవ్వింది. ఆమె గంప, వల రెండూ నీళ్లకు పోయాయని మర్నాడు గాని మాకు తెలియలేదు. వాటిని కాపాడుకోవాల్సిన వేళలోనే ఆమె మా గది దగ్గరికి వచ్చింది.

తర్వాతి ఏళ్లలో మడచెట్లు కొట్టేశారు, బురద పూడ్చి గదులు కట్టారు. మాసీ పట్టే చేప కనబడకుండా పోయింది. ఏటేటా పోటు ఇంకాస్త పైకెక్కి దిబ్బను కోసేసింది. గుడిసెలవాళ్లు తలోదిక్కు వెళ్లిపోయారు. పెళ్లయ్యాక ఒకసారి రింగ్ రోడ్ బట్టల మార్కెట్‌లో, మెట్ల మీద గుడ్డపీలికలు ఊడుస్తూ మాసీ కనిపించింది. నన్ను గుర్తుపట్టి మొదట అడిగిన మాట, "ఘర్‌మా పాణీ ఆవ్యుం?" ఇంట్లోకి నీళ్లొచ్చాయా అని. మళ్లీ ఆమెను చూడలేదు.

ఇప్పుడు మాసీలా నేనూ ఒక్కదాన్నే, అదే ఖాడీ పక్కన ఉంటున్నాను. వాన నెలంతా పడాల్సింది ఒక్క పూటలో కుమ్మరిస్తోంది, ఎండలకు రేకుల గదులు పెనంలా కాలుతున్నాయి. మా వరుసలో గదులన్నీ కొత్తవాళ్లవి, ఒడిశావాళ్లు, బీహారువాళ్లు. మగవాళ్లు మగ్గాల మీదికి వెళ్తే కొత్తగా కాపురానికొచ్చిన చిన్నవయసు ఆడపిల్లలు లోపల గొళ్లెం పెట్టుకుని కూర్చుంటారు. మొన్న వేసవిలో పక్క గది పిల్ల పొద్దుటి నుంచి బయటికి రాలేదు. నీళ్లబిందె తీసుకుని వెళ్లి, ముందే ఆ పిల్ల భర్త దగ్గర నేర్చుకున్న ఒడియా మాటలు తప్పులతోనే పలుకుతూ గుమ్మంలో కూర్చున్నాను. చాలాసేపటికి తలుపు తెరిచింది. ఎండదెబ్బకు ముఖం కందిపోయి ఉంది. కొంగు తడిపి ఆమె నుదుటి మీద వేశాను.

ఎవరు కొత్తగా దిగినా వాళ్ల ఇంట్లో పిల్లల్ని ఏమని పిలుచుకుంటారో ముందు అడిగి తెలుసుకుంటాను. ఎందుకని కొందరు నవ్వుతారు. ఈసారి నీళ్లు ఎప్పుడొస్తాయో నాకు తెలియదు. అవి వచ్చిన రోజు ఏ తలుపు ముందు ఏ మాట అనాలో మాత్రం తెలిసి ఉండాలి.